తొమ్మిది నిమిషాల గట్టిమేళం

"మా నాన్నను పడగొట్టింది వాన కాదు, వయసు కాదు. మీరు! పేరుపేరునా మీరు!"

ఆసుపత్రి నాలుగో అంతస్తు నడవాలో యాళిని అరిచిన అరుపుకు ఒక నర్సు తలుపు తీసి బయటికి చూసింది. యాళిని ఎదురుగా గుడి కమిటీ అధ్యక్షుడు కులసింగం పళ్ల బుట్ట పట్టుకుని నిలబడ్డాడు. బుట్టకు చుట్టిన మెరుపు కాగితం చిటచిటలాడుతోంది. ఉందామా పోదామా అని ఆయన కాళ్లు మార్చుకుంటున్నాడు.

"నిన్న మూడుసార్లు కుర్చీ అడిగాడు మా నాన్న. పోస్టాఫీసు మూల మీద ఒకసారి. రైలు వంతెన కింద ఒకసారి. పెట్రోలు బంకు దగ్గర మూడోసారి. తల తిరుగుతోంది, కుడిచెయ్యి తిమ్మిరెక్కింది, ఐదు నిమిషాలు కూర్చుంటానన్నాడు. స్వామి వీధిలో ఉండగా మేళంవాడు కూర్చోకూడదన్నారు. నాదస్వరం ఆగకూడదన్నారు. సరే, నాది కారులో ఉంది, నేను అందుకుంటానన్నాను. ఆడపిల్ల రథం ముందు ఊదకూడదన్నారు. కూర్చోకూడదు, ఆగకూడదు, కూతురు అందుకోకూడదు. ఇంకేం మిగిలింది? పడిపోవడమే మిగిలింది. పడ్డాడు. ఇప్పుడు సంతోషమా?"

"అమ్మాయ్, ఇది ఆసుపత్రి. మెల్లగా..."

"పళ్లు తెచ్చారా! నమలడానికి మనిషికి నోరు పనిచెయ్యాలిగా!"

కులసింగం బుట్టను కిటికీ గట్టు మీద పెట్టి లిఫ్టు వైపు నడిచాడు. కాఫీ యంత్రం పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డ తంగవడివేలును దాటుతూ, "ఆ పిల్లకు కాస్త బుద్ధి చెప్పు, నీ మేనకోడలేగా" అన్నాడు. తంగవడివేలు తల ఊపాడు. ఇరవై రెండేళ్లుగా ఆ గుడిలో డోలు కొడుతున్నాడు. కులసింగం ఏమన్నా అతని తల ముందు ఊగుతుంది, ఆ తర్వాతే మాట చెవికెక్కుతుంది.

యాళిని అది చూసింది. దగ్గరికొచ్చింది. ఈసారి అరవలేదు. ఆ అరవకపోవడమే అతన్ని భయపెట్టింది.

"నువ్వు కూడా, మామా."

"నేనేం చేశానే?"

"నాన్న పడగానే నూటపన్నెండుకు ఫోన్ చేశాను. అవతలి మనిషి ఏ ఊరు, ఏ వీధి అని అడుగుతూనే ఉంది. నేను చెబుతూనే ఉన్నాను. వినపడటం లేదు, ఆ చప్పుడు ఆపించండి అంది. నాన్న తల నా ఒళ్లో ఉంది. వదిలేసి దూరం పోవాలా? చివరికి వదిలేశాను. తడిరోడ్డు మీద తల దించి, రథం తాళ్లు దాటుకుని, జనాన్ని తోసుకుని, వంతెన అవతలికి పరిగెత్తితే అప్పుడు వినపడింది ఆవిడకు. మొదటి పిలుపుకూ, అంబులెన్సు బయల్దేరడానికీ మధ్య తొమ్మిది నిమిషాలు. కాగితం మీద ఉంది, చూస్తావా? ఆ చప్పుడెవరిది మామా?"

తంగవడివేలు తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. వేళ్ల కొసలు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

చప్పుడు అతనిదే. బావ నాగరాసా పక్కకు ఒరగడం కంటి కొసన కనబడింది. ఇద్దరు మనుషులు బావను చంకల కింద పట్టుకుని దారి పక్కకు లాగడం కనబడింది. ఉపవాసం కదా, కళ్లు తిరిగి ఉంటాయి అనుకున్నాడు. అదే క్షణంలో కులసింగం చూపుడు వేలు పైకి లేచింది. వేలు లేస్తే గట్టిమేళం. తుమ్మో, ఏడుపో, చెడ్డమాటో, అశుభం ఏదైనా స్వామి చెవిన పడకుండా దాన్ని డోలుతో కప్పెయ్యాలి. ఏం జరిగిందని తల తిప్పి చూడకూడదు. కళ్లు మూసుకుని వాయించాలి. తండ్రి తొడ మీద కూర్చోబెట్టుకుని మొదట నేర్పింది అదే. కళ్లు మూసుకునేలోపు యాళిని నోరు తెరుచుకోవడం కూడా అతను చూశాడు. ఏడుస్తోందనుకున్నాడు. ఏడుపును కప్పడమే కదా తన పని! ఇంకా గట్టిగా కొట్టాడు. వేలు దిగేవరకూ కొట్టాడు.

మంగళవారం పొద్దున అతను పార్సిళ్ల గోడౌన్లో పనికి పోయాడు. ఉద్యోగం అదే. డోలు బతుకు. రెండూ ఒకటి కాదని వివరంగా చెప్పమంటే అతనికి రాదు. పట్టీ మీద డబ్బాలు వస్తుంటాయి, నంబరు చూసి ఎడమకో కుడికో తొయ్యాలి. రెండు గంటలయ్యేసరికి మేస్త్రీ వచ్చి భుజం తట్టాడు. విరామం. పట్టీ వదిలి కూర్చోవాల్సిందే. కూర్చోకపోతే మేస్త్రీకి చీవాట్లు.

"నీ మొహమేంటి ఇవాళ ఇలా ఉంది?" అన్నాడు ఎర్డాల్, బల్లకు అవతల. టర్కీ దేశపు వాడు, పదేళ్లుగా పక్క పట్టీ మీద పని. రొట్టె ముక్క చింపి సగం ఇటు తోశాడు.

తంగవడివేలు చెప్పాడు. కుర్చీ సంగతి మాత్రం చెప్పాడు, డోలు సంగతి చెప్పలేదు.

ఎర్డాల్ నమలడం ఆపేశాడు. "ఆగాగు. అరవై ఆరేళ్ల మనిషి. నాలుగు గంటలు ఊదుతూ నడిచాడు. కూర్చుంటానంటే ఒద్దన్నారు. ఒద్దన్నది జర్మన్లా?"

"కాదు. మావాళ్లే."

"అన్నా, ఇక్కడ డబ్బాలు తోసేవాడికి కుర్చీ ఉంది. మీ దేవుడి దగ్గర లేదా?" ఎర్డాల్ నవ్వబోయి, ఎదుటి మొహం చూసి మానేశాడు. "సరేలే. మాకూ ఉన్నారు అలాంటివాళ్లు. తిను."

తినలేకపోయాడు. కింద ప్లాస్టిక్ కుర్చీ కోడు గచ్చును గీరితే కీచుమంది. గుడి హాల్లో గోడకు పేర్చిన నాలుగు వందల కుర్చీలు గుర్తొచ్చాయి. తెల్లవి, ఇలాంటివే. రథం రోజున వాటిలో ఒక యాభై దారి పొడుగునా వేశారు, కమిటీవాళ్లకు, పెద్ద చందాల వాళ్లకు. పెట్రోలు బంకు దగ్గర బావ అడిగినప్పుడు పక్కనే రెండు ఖాళీగా ఉన్నాయి. వాటి మీద గొడుగులు పెట్టి ఉన్నాయి. కుర్చీలు తడుస్తాయని కాదు, గొడుగులకైనా కూర్చోడానికి చోటుంది!

వాళ్ల సొంతగడ్డ జాఫ్నాలో ఇలాగే ఉండేది. యుద్ధం ఊళ్లను ఊడ్చేసింది. ఇళ్లు పోయాయి, పొలాలు పోయాయి, మనుషులు పోయారు. పడవలెక్కి, విమానాలెక్కి, మంచులో లారీల వెనక దాక్కుని జర్మనీలోని ఈ బొగ్గుగనుల ఊళ్లకు చేరారు. ఏమీ తెచ్చుకోలేకపోయామని ఏడుస్తారు. అబద్ధం. కులం తెచ్చుకున్నారు. చుక్క ఒలకకుండా తెచ్చుకున్నారు.

బుధవారం సాయంత్రం కులసింగం కబురు పెట్టాడు. డోర్ట్‌మండ్ పక్క ఊళ్లో పాత పరుపుల గోడౌన్‌ను కొని కట్టిన గుడి అది. ఒకవైపు సన్నిధి, ఒకవైపు హాలు. హాల్లో వేదిక మీద గాత్ర కచేరీకి సాధకం జరుగుతోంది. పాటకత్తె కింద తివాచీ, వెనక దిండు, పక్కన ఫ్లాస్కులో మిరియాల నీళ్లు. గంభీరనాట రాగం పాడుతోంది. కులసింగం భార్య స్వయంగా వచ్చి ఫ్లాస్కు మూత తీసి ఇచ్చింది. మొన్న ఆదివారం వానలో నాగరాసా ఊదుతూ నడిచిందీ గంభీరనాటే. నోట్లోంచి వస్తే దిండు, గొట్టంలోంచి వస్తే రోడ్డు.

ఆఫీసు గదిలో కులసింగం కూర్చోమనలేదు.

"వడివేలూ, శనివారం తిరుకల్యాణం ఉంది."

"ఉందయ్యా."

రథం మర్నాడే జరగాల్సిన కల్యాణం. పనిరోజుల్లో జనం రారని శనివారానికి మార్చారు. జర్మనీలో దేవుడు కూడా సెలవు చూసుకునే పెళ్లాడాలి. స్వామి ముహూర్తాన్ని ఐదు రోజులు జరపొచ్చు. మేళంవాడు ఐదు నిమిషాలు కూర్చోకూడదు.

"నాదస్వరానికి ప్యారిస్ నుంచి ఉమాపతిని పిలిపించాను. చిన్నవాడు, ఊపిరి ఉంది. నాగరాసా సంగతి... చూడు, జనం ఏదేదో మాట్లాడుకుంటున్నారు. కమిటీ మీదకు వస్తోంది. అందుకని అందరికీ ఒక ప్రకటన పంపాం. చూసే ఉంటావు."

చూశాడు. ఆ మధ్యాహ్నమే ఫోన్లో వచ్చింది. తొమ్మిది వందల మంది ఉన్న గుడి గుంపులో. 'రథోత్సవం నాడు మేళ కళాకారుడు మద్యం సేవించి వచ్చినందువల్ల జరిగిన అపచారానికి చింతిస్తున్నాము. ఇకపై ఆయనకు ఆలయసేవ ఉండదు.' కింద నలభై మంది దండం పెట్టిన బొమ్మలు.

"బావ తాగడయ్యా. పండగ పన్నెండు రోజులూ ఒంటిపూట. పచ్చిమంచినీళ్లు కూడా..."

"నాకు తెలుసు, నీకు తెలుసు. అది కాదు ప్రశ్న. మేళగాడు తాగి పడ్డాడంటే ఒక మాట అనుకుని ఊరుకుంటారు. కుర్చీ ఇవ్వక పడ్డాడంటే రేపు పోలీసులొస్తారు, ఊరేగింపుకు అనుమతి పోతుంది. గుడి పెద్దదా, ఒక మనిషి పేరు పెద్దదా? నువ్వే చెప్పు." ఒక కాగితం ముందుకు తోశాడు. "వాసన వచ్చిందని రాశాం. పక్కన నిలబడ్డది నువ్వే కాబట్టి నీ సంతకం ఉంటే సరిపోతుంది."

తంగవడివేలు కాగితం వైపు వంగాడు. "కళ్లజోడు తేలేదయ్యా."

"సంతకానికి కళ్లజోడెందుకు?"

"చదవకుండా ఎప్పుడూ..."

కులసింగం నవ్వాడు. "సరే, శనివారం పెట్టు. తొందరేం లేదు. ఇంకొకటి. ఆ పిల్ల కల్యాణంలో రభస చేస్తుందని విన్నాను. నోరు తెరిచిందంటే నేను వేలెత్తుతాను. నీ పని నీకు తెలుసు. తెలియదంటావా, ప్యారిస్‌లో, లండన్‌లో, స్విస్‌లో గుళ్లన్నిటికీ నా నుంచి ఒక్కొక్క ఫోన్ చాలు. ఆ తర్వాత నువ్వు డోలు పార్సిళ్ల మీద కొట్టుకోవాల్సిందే."

తల ఊగింది. బయటికొచ్చి చెప్పులు తొడుక్కునేటప్పుడు గానీ ఊగిందని తెలియలేదు. ఇరవై రెండేళ్లుగా తనూ బావా నిలబడే చోటు అదే, చెప్పుల అరల పక్కన, తలుపు సందు నుంచి ఈదురుగాలి కొట్టే చోటు. చలికి నాదస్వరం కొసన పెట్టి ఊదే పీక బిగుసుకుపోతుందని నాగరాసా దాన్ని చొక్కాలోపల, గుండెకానించి వెచ్చబెట్టుకునేవాడు.

గురువారం ఆసుపత్రికి పోయాడు. చెల్లెలు తిలకవతి మంచం పక్కన కూర్చుని తువ్వాలు మడత పెడుతోంది. అన్నను చూసి లేచి, ఆ మడత విప్పి, మళ్లీ మొదట్నుంచి మడత పెట్టింది. 

నాగరాసా మొహం కుడివైపు కిందికి జారింది. కుడిచెయ్యి దుప్పటి మీద ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయిన వస్తువులా పడి ఉంది. ఎడమచేత్తో బల్ల సొరుగు చూపించాడు. తిలకవతి చెంగుతో కళ్లు తుడుచుకుని సొరుగు తీసి, దారానికి కట్టిన పీకల గుత్తి ఇచ్చింది. నాగరాసా ఒక పీకను నాలుక మీద తడిపాడు. పెదాల మధ్య పెట్టుకుని బుగ్గలు పూరించాడు. ఎడమ బుగ్గే పొంగింది. కుడి పెదవి కొసలోంచి గాలి బుస్సున పోయింది, పంక్చరైన సైకిలు ట్యూబులోంచి పోయినట్టు. ఉమ్మి గడ్డం మీదకు కారింది. ఇంకోసారి. మళ్లీ బుస్సు.

"చాల్లే బావా."

నాగరాసా పీకను తుడిచి జాగ్రత్తగా గుత్తిలో పెట్టాడు. తంగవడివేలు చెయ్యి పట్టుకుని వేళ్లు చూశాడు. ఒక్కొక్క మాటా రాయి దొర్లించినట్టు నోట్లోంచి తోశాడు.

"వేళ్ల తొడుగులు... పగిలాయా?"

"పగిలాయి బావా. ఆదివారం."

"కొత్తవి... చేసుకో. కల్యాణం ఉంది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. ఎడమ పెదవి కొస నవ్వింది. "రోడ్డు మీద... పడుకున్నప్పుడు... ఇంకేం వినపడలేదు. నీ డోలే. ఎంత సేపు కొట్టావు రా! ఒక్క దెబ్బ... లయ తప్పలేదు."

మెచ్చుకున్నాడు. ముప్పై ఏళ్లలో బావ అతన్ని ఎదురుగా మెచ్చుకున్నది రెండో మూడో సార్లు. తంగవడివేలు లేచి, గది బయటికి నడిచి, మెట్ల దగ్గర గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. తిడితే బాగుండును. ముఖాన ఉమ్మినా బాగుండును.

శుక్రవారం సెలవు పెట్టాడు. పాత పంచె చింపి వేలెడు పేలికలు చేశాడు. మైదా ఉడికించి చిక్కటి జిగురు కాచాడు. పేలికను జిగురులో ముంచి వేలి కొసకు బిగువుగా చుట్టాలి, పైన ఇంకో చుట్టు, ఆ పైన ఇంకోటి. వదులైతే జారిపోతుంది, బిగిస్తే నెత్తురు ఆగుతుంది. చుట్టినవాటిని వేళ్లనుంచి మెల్లగా ఊడదీసి గది వెచ్చబెట్టే ఇనప గొట్టాల మీద వరసగా పెట్టాడు. సాయంత్రానికి రాయిలా గట్టిపడతాయి. జాఫ్నాలో ఎండలో ఆరబెట్టేవాళ్లు. ఎండ మారినా చుట్టే పద్ధతి మారలేదు.

చూపుడు వేలికి చుడుతుండగా యాళిని వచ్చింది. ఒక చెయ్యి జిగురులో ఉంది కాబట్టి మోచేత్తో తలుపు తీశాడు.

"కూర్చో అమ్మా."

"కూర్చోను." గొట్టాల మీద ఆరుతున్న తొడుగులు చూసింది. "అయితే కొడతావన్నమాట."

"బావే చేసుకోమన్నాడు."

"నాన్నకు ఫోన్ చూపించలేదు మామా. తాగాడని రాసింది చూపించలేదు. చూపిస్తే రెండోసారి పడతాడు." గొంతు సర్దుకుంది. "రేపు నేను లేచి చెబుతాను. మైకు ఇవ్వరు. అక్కర్లేదు, ఊపిరి పట్టడం నాన్న నేర్పాడు. కానీ కులసింగం వేలెత్తుతాడు. ఎదురుగా ఎంతమంది ఉన్నా నేను అరవగలను. నీ డోలు మీద అరవలేను. ఆదివారం ప్రయత్నించాను కదా."

"యాళినీ, నేనేం చెయ్యగలనే? వాళ్లు పెద్దలు. నాకు ఇంకో గుడి ఉండదు. ఇంకెక్కడా..."

"నేనేం అడగలేదు. అడగడానికి రాలేదు." తలుపు దగ్గర ఆగింది. "ఆ ఫోనులో ఆవిడ మాట నాకు ఇంకా వినపడుతోంది మామా. ఆ చప్పుడు ఆపించండి, ఆ చప్పుడు ఆపించండి అని. ఎవరికి చెప్పను ఆపమని?"

వెళ్లిపోయింది. అతని వేలి మీద జిగురు ఆరిపోయింది. ఆ తొడుగు పాడైంది. మళ్లీ పేలిక చింపి మళ్లీ చుట్టాడు.

శనివారం వాన. హాలు రేకుల మీద దడదడ. ఆరేడు వందల మంది ఉంటారు. మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు, ముందు వరసలో కమిటీ కుర్చీలు. వేదిక మీద వళ్ళి, దేవయాని మధ్య మురుగన్. పట్టుపంచె, మల్లెలు, మెడలో పూలదండ. మల్లెలు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి విమానంలో వచ్చాయి. తంగవడివేలు, ఉమాపతి చెప్పుల అరల పక్కన నిలబడ్డారు. ఉమాపతి ముప్పై ఏళ్లవాడు, పొద్దున రైలు దిగి నేరుగా వచ్చాడు. పీకను ఊదుతూ, "ఇక్కడ గాలి ఇంత కోతేంటన్నా? పెద్దాయన ఇక్కడే ఊదేవాడా ఇన్నేళ్లూ?" అన్నాడు.

"ఇక్కడే."

"కుర్చీ కూడా లేదే."

తంగవడివేలు తొడుగులు ఒక్కొక్కటే కుడిచేతి వేళ్లకు ఎక్కించి, బిగుసుకునేదాకా అరచేత్తో తట్టాడు. డోలు పట్టీ భుజాన వేసుకున్నాడు. ఎడమచేత పుల్ల.

గుడి పూజారి గురుక్కల్ మంత్రాలు చదువుతున్నాడు. పళ్లెంలో తాళి పెట్టి జనానికి చూపించారు. అక్షతలు పంచారు. కొద్దిసేపట్లో తాళి కడతారనగా, ఎడమవైపు ఆడవాళ్ల మధ్య యాళిని లేచి నిలబడింది.

"అందరూ వినండి! మా నాన్న నాగరాసా ఆదివారం..."

కులసింగం వెనక్కి తిరగను కూడా లేదు. కూర్చున్న చోటునుంచే చూపుడు వేలు పైకెత్తాడు.

తంగవడివేలు మణికట్టు లేచింది. తనంత తానే లేచింది. నలభై ఏళ్లుగా వేలు లేచినప్పుడల్లా లేచిన మణికట్టు అది. ఉమాపతి నాదస్వరం అందుకుంది, పై స్థాయిలో గబగబా రెండు పలుకులు. డోలు కోసం ఆగి, డోలు రాకపోయేసరికి ఇంకో పలుకు. ఒంటరి నాదస్వరం పీలగా, తోడు తప్పిపోయినదానిలా హాలంతా తిరిగింది. పుల్ల గాలిలోనే ఉంది.  పుల్ల కిందికి దిగింది, చర్మం మీదకు కాదు. పక్కకు. తంగవడివేలు దాన్ని చెప్పుల అర మీద పెట్టాడు.

తర్వాత కుడిచేతి వేళ్లకు ఎక్కించిన తొడుగుల్ని ఊడదీయడం మొదలుపెట్టాడు. చిటికెన వేలిది. ఉంగరపు వేలిది. బిగుసుకుపోయాయి, మెలితిప్పి లాగాలి. కల్యాణం మధ్యలో డోలువాడు తొడుగులు తీశాడంటే ఏమిటో ఆ హాల్లో ప్రతి ముసలమ్మకూ తెలుసు. డోలు మోగనిదే తాళి పడదు. ఉమాపతి చూశాడు. నాదస్వరం నోటినుంచి దించాడు.

కులసింగం ఇప్పుడు వెనక్కి తిరిగాడు. వేలు ఇంకా పైనే ఉంది. "కొట్టు!"

మధ్యవేలిది. చూపుడు వేలిది. నాలుగూ తొడుగుల రేకు డబ్బాలో టకటక పడ్డాయి. మూత పెట్టిన చప్పుడు కూడా వినపడింది. రేకుల మీద వాన వినపడింది. ఎక్కడో ఒక పసిపిల్ల ఏడ్చింది. ఆ ఏడుపును ఎవరూ కప్పలేదు.

యాళిని గొంతు ఒక్కసారి తడబడింది. డోలుతో పోరాడటానికి పట్టిన ఊపిరంతా మిగిలిపోయింది. అరవాల్సిన అవసరం లేకుండా పోయింది. మామూలు గొంతుతోనే చెప్పింది. మూడు కుర్చీలు, మూడు కూడదులు, తొమ్మిది నిమిషాలు. అంబులెన్సు కాగితం చదివింది. ఆసుపత్రి రక్తపరీక్ష కాగితం చదివింది. రక్తంలో మద్యం సున్నా. "మా నాన్న ఇక ఊదలేడు. పెదవి పోయింది. పేరన్నా ఉంచండి."

"అబద్ధం!" కులసింగం లేచాడు. "అపచారం! స్వామి కల్యాణంలో..."

ఆడవాళ్ల ముందు వరసలో ఒక ముసలావిడ, గుడికి మొదటి ఇటుక పెట్టిన రోజుల్నుంచి అన్నం వండుతున్న కనకమ్మ, అందరూ అవ్వలా చూసుకుని ఆచి అని పిలిచే మనిషి, కర్ర ఊతగా లేచింది. కులసింగాన్ని చూడలేదు. "ఒరే వడివేలూ! పక్కన నిలబడ్డది నువ్వు. తాగాడా, లేదా? స్వామి ఎదుట చెప్పు."

ఆరేడు వందల తలలు చెప్పుల అరల వైపు తిరిగాయి. ఇరవై రెండేళ్లలో ఇంతమంది అటు చూడడం అదే మొదలు.

"తాగలేదాచీ." గొంతు బొంగురుపోయింది. జీవితంలో హాలుకు వినపడేట్టు మాట్లాడవలసి రాలేదు, వాయించడమే. "మూడుసార్లు కుర్చీ అడిగాడు. మూడుసార్లూ నేను విన్నాను. ఇవ్వండని నేనూ అనలేదు. పడ్డప్పుడు ఈయన వేలెత్తాడు. ఆ పిల్ల అంబులెన్సుకు అరుస్తుంటే, ఆ అరుపు మీద కొట్టింది నేను. మా బావ పెదవి తీసింది ఈయన వేలూ, నా చేతులూ. మొన్న వాసన వచ్చిందని సంతకం పెట్టమన్నాడు. కళ్లజోడు లేదన్నాను. కళ్లజోడు జేబులోనే ఉంది. అదీ నేను!"

ఎవరో ఏడుస్తున్నారు. తిలకవతి.

"మేళగాడివి మేళగాడిలా ఉండు!" కులసింగం మొహం కందింది. "ముహూర్తం దాటిపోతోంది. కొడతావా, కరెంటు గంటల యంత్రం పెట్టించమంటావా?"

"యంత్రం పెడితే తాళి ఆ యంత్రం చేతే కట్టించండి," అన్నాడు గురుక్కల్. అంతవరకూ ఎవరూ ఆయన వైపు చూడలేదు. తాళి పళ్లెంలో పెట్టి, పళ్లెం కింద పెట్టాడు. "ముహూర్తం ఇంకా పదిహేను నిమిషాలుంది. నేను ఆగుతాను."

తంగవడివేలు డోలు పట్టీ భుజం నుంచి దించాడు. దాన్ని మోస్తూనే చెప్పుల చోటు వదిలి హాలు మధ్య దారిలో నడిచాడు. ఉమాపతి వెనక నడిచాడు. స్వామికి పది అడుగుల దూరంలో, కమిటీ కుర్చీల ముందు ఆగి, డోలు నేల మీద పెట్టాడు. వంగినవాడు నిటారుగా లేచాడు. తల ఊగలేదు.

"పదిహేను నిమిషాలు చాలా ఎక్కువ, కులసింగం గారూ. మాకు తొమ్మిదే పట్టింది."

అయ్యా అనలేదు. హాలంతా విన్నది.

"ఆ మైకు తీసుకోండి. మా బావ తాగలేదని మీ నోటితో చెప్పండి. ఏ ఫోన్లలో అబద్ధం పంపారో ఆ ఫోన్లన్నిటికీ నిజం పంపండి. రేపు కాదు, కమిటీ కూర్చున్నాక కాదు. ఇప్పుడు, ఇక్కడ, అందరి ఫోన్లూ మోగాలి, మేం వినాలి. యాళిని నాదస్వరం కారులో ఉంది. తెచ్చుకుంటుంది, ఇక్కడే ఊదుతుంది. వచ్చే ఏడు రథం ముందూ ఆ పిల్లే ఊదుతుంది. మేళం ఎక్కడ ఉంటే అక్కడ కుర్చీ ఉంటుంది. అలసినవాడు కూర్చుంటాడు, ఎవడి వేలూ లేవదు. అదిగో, గోడకు నాలుగు వందలు పేర్చి ఉన్నాయి. మూడు చాలు. పిల్లల్ని పంపొద్దు. వంటవాళ్లను పంపొద్దు. మీరే వెళ్లి, మీ చేతులతో మోసుకొచ్చి, స్వామి ఎదుట వెయ్యండి. అప్పుడు తొడుక్కుంటాను తొడుగులు."

రేకు డబ్బా కులసింగం ముందు బల్ల మీద పెట్టాడు.

"కుర్చీలు తెండి."